బండి అనే మాట, పన్నెండు బిందెల నీళ్ళు

మొన్న నా స్కూటర్‌ను సర్వీసింగుకని ఖమ్మంలో మా వీధి చివరనున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, అతను వెనక చక్రం ఊడదీసి లోపలున్న నల్లటి గ్రీజును చూపుడువేలితో తోడి పాత పేపరు మీద రాస్తుంటే, ఎండకు కాగిన ఇనుమూ నూనే దుమ్మూ కలిసిన ఆ వాసన గుప్పున ముక్కుకు తగిలి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నదాన్ని అలాగే ఉండిపోయాను. "మేడం, బండి సాయంత్రానికైతది, మీరు ఇంటికి పోండ్రి" అని మూడుసార్లు చెప్పాడట. నాలుగోసారి గట్టిగా అరిస్తే ఈ లోకంలోకి వచ్చాను. నా ముక్కు అప్పటికే యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళి, ఆముదంలో వరిగడ్డి మసి కలిపి మా నాన్న నూరే కందెన దగ్గర నిలబడి ఉంది.

ఇంటికి నడిచి వస్తుంటే ఆ మాటే చెవిలో తిరిగింది. బండి. ముప్ఫయ్యేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఒక మాట చెవిన పడితే దాని తాతముత్తాతలెవరో ఆరా తీయకుండా ఉండలేను, అదొక జబ్బు. మెకానిక్‌కు బండి అంటే స్కూటరు. మా అల్లుడికి కారు. సందు మొదట్లో మిరపకాయ బజ్జీలు వేసే సరోజకు బండి అంటే నాలుగు చక్రాల మీద పొయ్యి. ఆ చక్రాలు ఎప్పుడో నేలలోకి కూరుకుపోయి చుట్టూ గడ్డి మొలిచింది, ఏనుగులొచ్చి లాగినా అంగుళం కదలదు, అయినా అది బండే. పొద్దున్నే పాట పెట్టుకుని వచ్చే చెత్త బండి, మధిర మీదుగా బెజవాడ పోయే రైలు బండి, తప్పు చేసినవాణ్ణి ఎక్కించుకుపోయే పోలీసు బండి, చంటిపిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే మూడు చక్రాల కొయ్య బండి. చక్రమున్న ప్రతిదానికీ ఒక్క మాటతోనే సరిపెట్టాం, మన పొదుపు చూడండి!

ఈ మాట ఎక్కడిది టీచర్ అని ఏటా ఎవరో ఒక పిల్ల అడిగేది. తమిళులు వండి అంటారు, కన్నడిగులు మనలాగే బండి అంటారు, కనక ఇది దక్షిణాది అక్కచెల్లెళ్ళ పుట్టింటి సొమ్ము అని చెప్పేదాన్ని. సంస్కృతంలో కుండకూ సరుకుకూ వాడే భాండం అనే మాటతో దీనికి చుట్టరికం కలిపేవాళ్ళూ లేకపోలేదు. కలుపుకోనివ్వండి, కాదనడానికి నేనెవర్ని. కావ్యాల్లో శకటం అని రాశారు గానీ, శకటం కట్టుకుని సంతకు పోయినవాణ్ణి నేనైతే ఈ కళ్ళతో చూడలేదు. గడ్డిని కొలవడానికి బండెడు అన్నాం, చాకిరీని కొలవడానికీ బండెడే అన్నాం, ఎద్దులు నడిచిన దారికి బండ్లబాట అని పేరు పెట్టాం, ఇల్లు గడుస్తోందా అని అడగాల్సొస్తే బండి నడుస్తోందా అని అడుగుతున్నాం. ఇవన్నీ పుస్తకాల్లో దొరికే అర్థాలు. మా ఇంట్లో మాత్రం ఆ మాటకు ఒకటే అర్థం, మా నాన్న పరువు. ఆ పరువు ఒక ఏడు శివరాత్రి వెళ్ళాక పోయి, శ్రీరామనవమి వెళ్ళాక తిరిగొచ్చింది. తిరిగి తెచ్చింది మా అమ్మ.

మా ఊరు వేంసూరుకు ఆవల, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది. ఒక పక్క వరి, మిరప చేలు; ఇంకో పక్క టేకు, ఇప్ప, తునికి చెట్లు. చలికాలమంతా కోసిన వరి మోపులతో బండ్లు బారులు తీరి కల్లాలకు పోతుంటే, వెనక వేలాడుతూ రాలిన కంకులు ఏరుకోవడం మా పిల్లల హక్కు. క్రిస్మస్‌కు అమ్మా నాయనమ్మా అరిసెలు వత్తుతుంటే బెల్లం పాకం వాసన ప్రార్థన మధ్యలో దూరి, మేం ఆమెన్ ముందే అనేసేవాళ్ళం. మాఘం దాటితే కల్లాల మీద ఎండుమిరపకాయలు ఊరంతటినీ తుమ్మించేవి. ఎండలు ముదిరితే ఇప్పపూల మత్తు వాసన గాలికి కొట్టుకొచ్చి, గూడేల నుంచి ఆడవాళ్ళు గంపల్లో తునికిపండ్లు, మొర్రిపండ్లు తెచ్చేవారు. ఆటలంటే మాకు బండ్లాటే. ముంజలు తిని పారేసిన తాటి బుర్రలు రెంటికి పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలించి, ఒకళ్ళ వెనక ఒకళ్ళం ఊరి మీద పడి దౌడు తీసేవాళ్ళం. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని, పాస్టరు గారు కనిపిస్తే చుట్టను కొంగు కింద దాచి, ఆయన మలుపు తిరగగానే మళ్ళీ పైకి తీసి, "నీ బండి జల్దీ పోతలేదేందే, కందెన పెట్టినవా?" అని నన్ను ఎగతాళి చేసేది.

నాన్న పేరు దానియేలు. ఊరందరికీ దానేలు మేస్త్రి. మిషను బోర్డింగులో వడ్రంగం నేర్చుకున్న మనిషి. మేం గుడి అని పిలిచే చర్చికి బల్లలు, బడికి కుర్చీలు, పెళ్ళికూతుళ్ళకు మంచాలు చేసేవాడు. మాట తక్కువ, చేతికి చీరుకున్న గీతలు ఎక్కువ. గుడిలో సంఘపెద్ద కావడంతో బీడీ, కల్లు ముట్టడు. ఊళ్ళో తరాలుగా బండి చక్రాలు చేస్తూ వచ్చిన ముసలి మేస్త్రి కాలం చేసి, ఆయన కొడుకులు ఉద్యోగాలకు వెళ్ళిపోయాక, చక్రం పాడైతే ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియని రోజులొచ్చాయి. అప్పుడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొని స్థిరపడ్డ రాఘవయ్య గారు మా వాకిట్లోకి వచ్చి, "ఏవయ్యా దానియేలూ, ఒక జత చక్రాలు చేసి పెడతావా?" అని అడిగారు.

బల్ల చేయడం వేరు, చక్రం చేయడం వేరు. నల్లతుమ్మ మొద్దును నడిమిలో పెట్టి, దాని చుట్టూ ఆకులు దిగ్గొట్టాలి. ఆకులంటే చెట్టు ఆకులు కావు, చక్రం మధ్య నుంచి అంచుకు పోయే కర్రలు. వాటి కొసల మీద వంపు తిరిగిన కొయ్య ముక్కలు తొడిగితే గుండ్రని అంచు వస్తుంది. అప్పుడు దాని మీద ఇనుప పట్టా ఎక్కించాలి. అసలు విద్య అంతా అక్కడే ఉంది. పట్టా చక్రం కంటే ఒక బొటనవేలి మందం చిన్నదిగా ఉండాలి. దాన్ని పిడకల మంటలో ఎర్రగా కాల్చితే సాగుతుంది, సాగిన పట్టాను చక్రానికి తొడిగి వెంటనే నీళ్ళు పోస్తే బిగుసుకుని, లోపలి కర్రలన్నిటినీ ఒక్క పిడికిట్లోకి లాగి పట్టుకుంటుంది. మేకు ఉండదు, జిగురు ఉండదు.

నాన్న ఆ జత చక్రాలను ప్రాణం పెట్టి చేశాడు. పిడికిలంత గుండ్రటి చెక్కకు సుద్దగీత గీసి, దాన్ని చక్రం అంచు మీద దొర్లిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టడం నా పని. అన్నే చుట్లు ఇనుము మీద దొర్లించి, బొటనవేలు తగ్గించి, ఉలితో గీత పెట్టి ఇస్తే, కమ్మరి సత్తయ్య ఆ కొలతకు కోసి అతికేవాడు. పట్టా ఎక్కించే రోజు ఊరి మగవాళ్ళు పదిమంది వచ్చారు. వచ్చినవాళ్ళకు కల్లు పోయించడం మా వైపు ఆనవాయితీ. నాన్న కల్లు కొననన్నాడు. అయినా వాళ్ళు కొత్త మేస్త్రి పనితనం చూద్దామన్న ఉబలాటంతో గొణుక్కుంటూనే నీళ్ళు తెచ్చి, తలా ఒక వైపు నుంచి గుమ్మరించి పోయారు. పట్టా బిగిసింది. నాన్న ముఖంలో నేను మొదటిసారి పళ్ళు చూశాను.

శివరాత్రి వెళ్ళిన వారానికి, మిరపకాయ బస్తాలతో కల్లం నుంచి వస్తున్న ఆ బండి, గుడి దగ్గర పల్లంలోకి దిగుతుండగా, ఒక చక్రానికున్న పట్టా ఊడి, బండిని వదిలేసి తన దారిన తాను దొర్లుకుంటూ బయల్దేరింది. గుడి దాటింది, బడి దాటింది, హోటలు ముందు కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకెత్తుకున్నారు. పిల్లలం పదిమందిమి కేకలు పెడుతూ, నవ్వుతూ దాని వెంట పడ్డాం, అందరికంటే ముందు నేనే. అది చావడి గోడకు తగిలి, తిరిగి తిరిగి, ఖంగుమని పడ్డాక వంగి చూస్తే, ఇనుము మీద అతుకు పక్కన మా నాన్న ఉలిగీత. అప్పటిదాకా నేను నవ్విన నవ్వు ఇప్పటికీ నాకు గుర్తొస్తే ఒళ్ళు ముడుచుకుపోతుంది. ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పడానికి నోరు రాక, పెరట్లో మేకల దగ్గర కూర్చున్నాను.

తప్పెక్కడో సత్తయ్యే పట్టుకున్నాడు. ఆ మనిషిది అడవంచు ఊరు, కొలిమి తప్ప మరో లోకం తెలియదు. చక్రాన్ని మా వైపు గాను అంటారు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దానేలన్నా, మాఘంల వాన పడ్డంక తెల్లారే కొలిసినవ్ గదా? వానకు ఉబ్బిన కట్టె అది. ఎండ తగిలి కట్టె బక్కపడ్డది, పట్టా వదులైంది. నువ్వు ఇండ్లల్ల ఉండే బల్లలు చేసిన మనిషివి, బయట తిరిగే గానుకు ఎండా వానా ఉంటయని యాది మరిచినవ్" అన్నాడు. ఆ తప్పు నిజంగా బల్లలు చేసే మనిషి చేసే తప్పే.

ఊరు మాత్రం ఊరుకుంటుందా! దానేలు పట్టా అనేది తిట్టుపేరైపోయింది. పంచె జారిన వాడికి దానేలు పట్టా, పలక పగలగొట్టుకున్న పిల్లకు దానేలు పట్టా. అదే వారంలో మణుగూరు నుంచి మా బాబాయి ఉత్తరం రాశాడు, బొగ్గుబావుల్లో కట్టె కోసే పని ఉంది, క్వార్టరు కూడా ఇస్తారు, వచ్చెయ్యండి అని. నాన్న ఆ ఉత్తరాన్ని మడిచి బైబిలులో పెట్టుకున్నాడు. నాకు భయమేసింది. నా తాటిబుర్రల బండి, నా మేకపిల్ల, నాయనమ్మ అరుగు, అన్నీ వదిలి పోవాలి. అమ్మ భయపడే రకం కాదు. అమ్మ పేరు కరుణమ్మ గానీ ఆ పేరులో ఉన్నంత మెత్తదనం ఆమె నోట్లో ఉండేది కాదు.

"పని రాక పోతున్నమని ఊరు నవ్వుతాంటే పోవుడేంది? పని వచ్చినంక, కావాలంటే అప్పుడు పోదాం" అంది.

"చేసిన గానే ఊడిపోయింది, ఇంకెవరిస్తరే పని?" అన్నాడు నాన్న.

నాయనమ్మ చుట్ట తీసి, "యేసయ్య సుత వడ్రంగోడేరా. ఆయన చేసిన ఎన్ని ఎద్దుల కాండ్లు వంకర పోయినయో ఎవరు రాసిండ్రు?" అంది. పాస్టరు గారు వినలేదు కాబట్టి బతికిపోయాం.

రాఘవయ్య గారు నాన్నను మళ్ళీ ఎందుకు నమ్మారో ఆయనకే తెలియాలి. ఏటా ఆయన ఇంటి ఆడవాళ్ళు వడ్లను గోళ్ళతో ఒలిచి, ఆ బియ్యాన్ని నవమి నాడు భద్రాచలం రాముడి కళ్యాణానికి తలంబ్రాలుగా పట్టుకెళ్ళేవారు, బండి మీదే, అడవి దారిన, పోవడానికి నాలుగు రోజులు. "ఆ బండికి నువ్వే చక్రాలు చెయ్యి. వెళ్ళి తిరిగొస్తే ఊరి పని మొత్తం నీది. మధ్యలో విరిగితే మా అమ్మ, మా ఆవిడ, పిల్లలు, అందరం అడవిలో కూర్చుంటాం, ఆపైన నీ ఇష్టం" అన్నారు. నాన్న బైబిలు తెరిచి ఉత్తరం వంక చూసి మూసేశాడు. ఈ చక్రాలు నిలవకపోతే మణుగూరే అని ఇంట్లో అందరికీ, మేకపిల్లకు కూడా, అర్థమైపోయింది.

ఈసారి నాన్న కర్రను ఎండలోనే ఉంచాడు. ఫాల్గుణం ఎండకు నల్లతుమ్మ గలగలలాడేదాకా ఆగి, మిట్టమధ్యాహ్నం కొలిచాం. ఒక్క చుట్టు తప్పు పోకూడదని నేను చుట్టు చుట్టుకూ ఒక చింతగింజ జేబులో వేసుకున్నాను. నాన్న మూడుసార్లు కొలిపించి, మూడుసార్లూ గింజలు సరిపోతే, నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

పట్టా ఎక్కించే రోజు పొద్దున్నే సత్తయ్యా అతని తమ్ముడూ పట్టకార్లు తెచ్చారు. ఊరి చివర, నడిమిలో గుంట తొలిచిన రాతి అరుగు మీద చక్రాన్ని బోర్లించి, పక్కన పిడకలు పేర్చి, పట్టాను మంటలో పెట్టారు. పట్టకార్లకు ముగ్గురు సరిపోతారు, మూడోవాడు నాన్న. నీళ్ళకు పదిమంది కావాలి. పిడకలు ఎర్రబడ్డాయి, ఇనుము ఎర్రబడింది, ఒక్క మనిషీ రాలేదు. నాన్న కబురు పంపితే హోటలు దగ్గర నుంచి సమాధానం వచ్చింది: కల్లు పొయ్యడు, పట్టా నిలవదు, గొంతు తడవని కాడికి నీళ్ళెవడు మోస్తడు? సత్తయ్య, "అన్నా, రెండు కుండల కల్లు తెప్పియ్యరాదే, ఏం పోతది" అని మెల్లగా అన్నాడు. నాన్న చెమట తుడుచుకుని తల అడ్డంగా ఊపాడు. మంట ఆరిపోతే మళ్ళీ పిడకలు లేవు, నవమికి రోజులూ లేవు.

అమ్మ కొంగు నడుముకు దోపి చేదబావి వైపు పరుగుతీసింది, నేను వెనక పరుగుతీశాను. బావి దగ్గర పొద్దుటి నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు, మా గుడివాళ్ళు కొందరు, రాఘవయ్య గారి పొలాల్లో నాట్లేసేవాళ్ళు కొందరు, మిరపకాయలు ఏరడానికి వచ్చిన గూడెం ఆడవాళ్ళు ఇద్దరు.

"నీళ్ళు నింపుకొని ఉరుకుండ్రి, నా ఇల్లు పోతాంది!" అని అరిచింది అమ్మ.

ఇల్లు అంటుకుందనుకుని అందరూ ఉరికారు. అమ్మతో కలిపి పన్నెండు మంది, పన్నెండు బిందెలు, కొందరికి చంకన, కొందరికి నెత్తిన. అరుగు దగ్గరికి వచ్చి చూస్తే కాలుతున్నది ఇల్లు కాదు, ఇనుము. "ఇదేందే కరుణక్కా!" అని వాళ్ళలో ఒకతె, నాట్లేసే రాములమ్మ, ముక్కున వేలేసుకుంది. సత్తయ్య గాభరా పడి, "ఆడోళ్ళు పట్టా కాడికి రారాదమ్మా, మా తాతల కాడి నుంచి లేదు" అన్నాడు.

"నిప్పు కాడ మాకేం కొత్త సత్తయ్యన్నా? పొద్దుమాపు పొయ్యి కాడనే గదా మా బతుకు. నీ తాతలకు అన్నం ఎవరు వండిండ్రు?" అంది అమ్మ. గూడెం ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. ఆ నవ్వుకు సత్తయ్య పట్టకారు అందుకున్నాడు.

ముగ్గురూ మంటలోంచి పట్టాను లేపారు. పొద్దుగూకే సూర్యుడి రంగులో ఉంది. చక్రం మీద పెట్టీ పెట్టగానే కొయ్య భగ్గుమంది, చుట్టూ మంట లేచింది, నాన్న సుత్తితో నాలుగు వైపులా దిగ్గొట్టి, "నీళ్ళు!" అని అరిచాడు. ఇక్కడే చూడాలి మా ఊరి ఆడవాళ్ళను. మగవాళ్ళైతే ఎవడు నిలబడ్డ చోట వాడు కుమ్మరించేవాడు, ఒక పక్క ముందు చల్లబడి, ఒక పక్క వెనకబడి, పట్టా కాస్త ఒరిగేది. వీళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏటేటా బతుకమ్మ చుట్టూ తిరిగిన కాళ్ళవి. ఒకరి వెనక ఒకరు వలయంగా తిరుగుతూ, అడుగుకో దోసెడు చొప్పున, బిందె వంచి సన్నగా ధార కడుతూ, ఎవరూ ఎవరినీ దాటకుండా, ఎవరూ ఆగకుండా చక్రమంతా ఒకేలా తడిపారు. బతుకమ్మ ఆడకూడదని గుడిలో మాట పడిన మా అమ్మ కూడా, ఇన్నేళ్ళూ దూరం నుంచి చూసి చూసి నేర్చుకున్న అడుగు ఆ రోజు తప్పకుండా వేసింది. ఆవిరి తెల్లగా లేచి మనుషులు కనపడలేదు. లోపల నుంచి కొయ్య కిర్రుమంటూ, ఆకులు ఒక్కొక్కటే తమ తొర్రల్లోకి దిగుతూ, టప్ టప్ మని చప్పుడు.

ఆవిరి విడిపోయాక సత్తయ్య సుత్తితో పట్టా మీద ఒక్క దెబ్బ వేశాడు. గుడి గంట మోగినట్టు మోగింది. చుట్టూ తిరిగి ఇంకో పదిచోట్ల కొట్టాడు, పదిచోట్లా అదే మోత. "నా జన్మల ఇట్ల బిగిసిన పట్టా చూడలే" అని సుత్తి కింద పెట్టేశాడు. తడిసి ముద్దయిన పన్నెండు మందీ ఒకరినొకరు చూసుకుని నవ్వుతుంటే, నాయనమ్మ దూరం నుంచి, "రెండో గాను ఉన్నది, ఇకిలించుడు ఆపి నీళ్ళకు పోండ్రే" అని అరిచింది. పోయారు, తెచ్చారు, పోశారు.

రాఘవయ్య గారి బండి బయల్దేరిన రోజు నాన్న ఇరుసుకు కందెన రాసి, మిగిలింది వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీశాడు. ఆ తర్వాత మా ఇంట్లో పదకొండు రోజులు ఎలా గడిచాయో నన్నడగొద్దు. నాన్న ఒకే బల్లకు మూడుసార్లు చిత్రిక పట్టాడు. నేను మేకపిల్లకు మణుగూరు గురించి మంచి మాటలు చెప్పి ఓదార్చాను. అమ్మ మాత్రం పెరట్లో కొత్తగా బీరపాదు పెట్టింది. కాయ కాసేదాకా ఉంటామని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు.

పన్నెండో రోజు సాయంత్రం, ముందు మువ్వలు వినపడ్డాయి. వదులైన చక్రం లొడలొడమంటుంది, నిఖార్సయిన చక్రం ఇరుసు కొసన దిగ్గొట్టిన సీలకు తగిలి టక్కు, టక్కు అని లెక్కగా పలుకుతుంది. నాన్న ఉలి పట్టుకున్న చేతిని గాల్లోనే ఆపి విన్నాడు. టక్కు. టక్కు. ఊరు ఊరంతా బాట మీదికొచ్చింది. హోటలు ముందున్నవాళ్ళూ లేచారు. రాఘవయ్య గారు మా వాకిట్లో ఎద్దుల్ని ఆపి, దిగి, నాన్న భుజాలు పట్టుకుని, "దానియేలూ, రాళ్ళ వాగులో మా ముందున్న బండికి ఇరుసు విరిగితే, ఆ బండి సామానూ, ఆ బండి జనమూ మన బండే మోసిందయ్యా! ఒక్క ఆకు కదిలితే ఒట్టు! ఎవరు చేశారని దారంతా ఒకటే అడగడం. ఆడవాళ్ళు నీళ్ళు పోసిన చక్రమంటే ఎవ్వరూ నమ్మలా" అన్నారు. నాన్న ఏడ్చేశాడు. అంతమంది ముందు, సిగ్గులేకుండా, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఏడ్చాడు. రాముడి పెళ్ళిలో మిగిలిన తలంబ్రాలను రాఘవయ్య గారి తల్లి మా అమ్మ కొంగులో పోస్తే, సంఘపెద్ద భార్య వాటిని కళ్ళకద్దుకుంది. పాస్టరు గారు ఆ సమయానికి ఆకాశం వంక చూశారు, మంచి మనిషి.

మేం మణుగూరు పోలేదు. తర్వాత ఒకసారి పోయాం, బాబాయి కూతురి పెళ్ళికి, బస్సులో, దర్జాగా. నాన్న చేసిన జతలు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వెళ్ళాయి. పట్టా ఎక్కించే ప్రతిసారీ ముందురోజే బావి దగ్గరికి కబురు పోయేది, ఆడవాళ్ళు తలంటుకుని, ఉతికిన చీరలు కట్టుకుని, బిందెలు తోముకుని వచ్చేవారు, కల్లుకు బదులు అమ్మ గుండిగ నిండా బెల్లమన్నం వండేది. నీళ్ళకు వస్తామని హోటలు ముందువాళ్ళు రెండు మూడుసార్లు బతిమాలారు. "మీకు పొయ్యరాదు, పక్కకు జరగండ్రి" అని రాములమ్మ వాళ్ళకు చెప్పేది. బాట మీద ఏ బండి పోయినా ఆ ఆడవాళ్ళు పనాపి, చెవి పెట్టి చప్పుడు విని, "అగో, మన బండి" అనుకునేవారు. ఒక్క ఎద్దు లేదు, ఒక్క ఎకరం లేదు వాళ్ళలో చాలామందికి. అయినా అవి వాళ్ళ బండ్లే.

తర్వాత రబ్బరు టైర్ల బండ్లు వచ్చాయి, వాటి వెనకే ట్రాక్టర్లు. రాతి అరుగు సిమెంటు రోడ్డు కిందికి పోయింది. సత్తయ్య కొలిమి చోట సెల్‌ఫోన్లు రీచార్జి చేసే డబ్బా ఉంది. చేదబావిని పూడ్చేశారు. తాటి బుర్రలకు పుల్ల గుచ్చే పిల్లలు లేరు, కందెన అంటే తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. నాన్న పోయి పదేళ్ళయింది. చక్రం ఎలా బిగుస్తుందో చేసి చూపించగలిగే చెయ్యి మా వైపు ఇప్పుడు ఒక్కటీ లేదు.

అమ్మ ఖమ్మంలో నా దగ్గరే ఉంటోంది. ఎనభై దాటాయి, చెవులు తగ్గాయి, నోరు తగ్గలేదు. ఈ మధ్య ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే అమ్మాయి ఒకతె ఫోను పట్టుకుని వచ్చి, పేరు, వయసు అడిగి, "మామ్మగారు ఏ వృత్తి చేసేవారండి?" అంది. తెలుగు పాఠాలు చెప్పిన నా నోటి నుంచి ఆలోచన లేకుండా వచ్చిన మాట, "గృహిణి" అని. చెవులు తగ్గిన మా అమ్మకు అది మాత్రం ఎలా వినపడిందో!

"ఎవరు చెప్పిండ్రు నీకు?" అని మంచం మీద లేచి కూర్చుంది. "రాయి బిడ్డా. బండ్ల మేస్త్రి."

ఆ అమ్మాయి ఫోనులో పైకీ కిందికీ వెతికి, "ఈ లిస్టులో అట్లాంటిది లేదు మామ్మా" అంది.

"లేకుంటే నువ్వే చెయ్యి. లేనిదాన్నే మేం చేసినం" అంది అమ్మ. నా ముఖం సిగ్గుతో వేడెక్కింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది, ఏం చెయ్యను. ఆ అమ్మాయి ఏమనుకుందో ఏమో, ఇతరములు అన్న చోట నొక్కి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ బండ్ల మేస్త్రి అని రాసి చూపించింది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివి, తల ఊపి, "ఒక్కదాన్ని కాదు, పన్నెండు మందిమి. వాళ్ళను సుత రాసుకో" అని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "రాములమ్మ. మార్తమ్మ. గూడెం నుంచి వచ్చిన ముత్తమ్మ, దాని చెల్లె జోగమ్మ..." ఆ అమ్మాయి ఫోను పక్కన పెట్టేసి, సంచీలోంచి నోటుపుస్తకం తీసి, పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది.